అంబాసిడర్ పికప్ తగ్గిందా? కార్బొరేటర్ విప్పే ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి

యాక్సిలేటర్ నొక్కగానే బండి ఒక్క క్షణం గుటక మింగినట్టు ఆగి, ఆ తర్వాత కదులుతుంది. లేదా మూడో గేరులో ఎంత తొక్కినా ఇంజిన్ బరువుగా మూలుగుతుంది తప్ప వేగం అందుకోదు. పాత పెట్రోల్ అంబాసిడర్లలో, అంటే 1489 సీసీ బీఎంసీ ఇంజిన్, సీబీ పాయింట్లు (స్పార్కు కోసం కరెంటును కలిపి విడదీసే కాంటాక్టులు), సోలెక్స్ కార్బొరేటర్ ఉన్నవాటిలో, ఈ ఫిర్యాదు రాగానే చేతులు నేరుగా కార్బొరేటర్ మీదికే పోతాయి. ఎయిర్ స్క్రూ తిప్పుతారు, జెట్ మారుస్తారు, చివరికి కార్బొరేటర్‌నే మార్చేస్తారు. లోపం డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే ఒక్కో సిలిండర్‌కు వేళకు స్పార్కు పంచే భాగంలో, ఉంటే ఇవన్నీ వృథా. పైగా బాగున్న కార్బొరేటర్ సెట్టింగ్ చెడిపోయి, ఒక్క లోపం ఉన్నచోట రెండు తయారవుతాయి. అందుకే ముందు స్పార్కు, తర్వాతే పెట్రోలు. ఈ వరస తప్పకండి.

స్పార్కు టైమింగ్ ఎందుకు మారాలి

ఇంజిన్ 900 ఆర్‌పీఎం వద్ద ఒక చుట్టు తిరగడానికి దాదాపు 67 మిల్లీసెకన్లు పడుతుంది. 3000 వద్ద 20 మిల్లీసెకన్లే. మంట పాకడానికి కొంత సమయం కావాలి కాబట్టి, వేగం పెరిగే కొద్దీ స్పార్కు ముందుగా పడాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న రెండు బరువులు, రెండు స్ప్రింగులు చేస్తాయి. దీన్ని సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్ అంటారు.

రెండోది వాక్యూమ్ అడ్వాన్స్. ఇది ఇంజిన్ మీద పడే లోడును చూస్తుంది. పొయ్యిలో కట్టెలు దగ్గర దగ్గరగా ఉంటే మంట చప్పున అంటుకుంటుంది, ఎడంగా ఉంటే నిదానంగా పాకుతుంది. సిలిండర్‌లోనూ అంతే. సమతలం రోడ్డు మీద కాలు తేలిగ్గా పెట్టి 50లో పోతున్నప్పుడు లోపలికి వెళ్లే మిశ్రమం పలచన, అది మెల్లగా కాలుతుంది, దానికి స్పార్కు ఇంకా ముందు కావాలి. కాలు పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండుతుంది, మంట వేగంగా పాకుతుంది, ఆ అదనపు అడ్వాన్స్ అక్కర్లేదు. బటర్‌ఫ్లై (పెడల్ తొక్కితే తెరుచుకునే గాలి బిళ్ల) అంచుకు కాస్త పైన కార్బొరేటర్ గోడలో ఉన్న సన్నని రంధ్రం నుంచి ఒక గొట్టం డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న గుండ్రటి డబ్బాకు, అంటే క్యాప్సూల్‌కు, వెళ్తుంది. ఐడ్లింగ్‌లో బటర్‌ఫ్లై ఆ రంధ్రానికి కిందే మూసుకుని ఉంటుంది కనుక వాక్యూమ్ అందదు. కొద్దిగా తెరవగానే రంధ్రం వాక్యూమ్ వైపుకు వస్తుంది, క్యాప్సూల్ లోపలి డయాఫ్రం (సన్నని పొర) పాయింట్ల ప్లేటును లాగుతుంది. పూర్తిగా తెరిస్తే మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు మిశ్రమం వెళ్లే దారిలో) వాక్యూమే పడిపోతుంది, ప్లేటు వెనక్కి వస్తుంది.

దీన్నిబట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. కాలు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే పికప్ లేకపోతే, దానికి వాక్యూమ్ అడ్వాన్స్ పనిచేయకపోవడం కారణం కాదు. ఆ సమయంలో అది ఎలాగూ పనిలో ఉండదు. ఇది తెలియక క్యాప్సూల్ కొని డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఎప్పుడు ఆగుతోందో ముందు కనిపెట్టండి

ఇంజిన్ బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉందని చూసుకుని, ఖాళీ రోడ్డు మీద నడపండి. చోక్ కేబుల్ బిగుసుకుపోయి సగంలో ఆగే బండ్లు ఎక్కువ, కాబట్టి బానెట్ ఎత్తి చోక్ బిళ్ల నిటారుగా నిలబడిందా లేదా కంటితోనే చూడండి.

పెడల్ తాకిన మొదటి క్షణంలోనే ఆగి, తర్వాత బాగానే లాగితే కార్బొరేటర్‌లోని యాక్సిలరేటర్ పంపు, పైలట్ జెట్, ఎక్కడైనా గాలి లీకు, చిరిగిన క్యాప్సూల్ డయాఫ్రం, డిస్ట్రిబ్యూటర్ లోపల తెగబోతున్న వైరు అనుమానించాలి. ఐడ్లింగ్ బాగుండి, పూర్తిగా తొక్కితే లాగుతూ, 40 నుంచి 60 మధ్య మామూలు నడకలో మాత్రం మందకొడిగా ఉంటే, మైలేజీ తగ్గి ఇంజిన్ వేడి కాస్త పెరిగితే, అది అచ్చంగా వాక్యూమ్ అడ్వాన్స్ చచ్చిన లక్షణం. సగం పెడల్ వరకు బాగుండి పూర్తిగా తొక్కితే చేతులెత్తేస్తే మెయిన్ జెట్, పెట్రోల్ సరఫరా, బిగుసుకున్న బరువులు, పాయింట్లకు తగిలించిన కండెన్సర్ చూడాలి. అన్ని వేగాల్లో ఒకేలా బరువుగా ఉంటే బేస్ టైమింగ్ (ఏ అడ్వాన్స్ కలవకముందు పెట్టే టైమింగ్), వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. ఇంకా ముందు, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో, క్లచ్ జారుతోందేమో చూడాలి. సమతలంలో న్యూట్రల్ పెట్టి చేత్తో తోస్తే బండి కదలాలి. నడిపి ఆపాక ఏ చక్రం డ్రమ్మయినా చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఇంజిన్ సంగతి తర్వాత, ముందు ఆ బ్రేకు సంగతి.

పైపు పీకి నడిపి చూడటం

ఖర్చు లేని పరీక్షల్లో దీన్ని మించింది లేదు. క్యాప్సూల్ దగ్గర వాక్యూమ్ గొట్టం ఊడదీయండి. కార్బొరేటర్ వైపున్న చివరను సరిపడే బోల్టుతో గాలి చొరకుండా మూసేయండి. అలాగే నడపండి.

ఏ తేడా లేకపోతే వాక్యూమ్ అడ్వాన్స్ ముందు నుంచే పనిచేయడం లేదని అర్థం. మామూలు నడకలో ఇంకా మందగించి, పాత లోపం అలాగే ఉంటే, వాక్యూమ్ అడ్వాన్స్ బాగానే ఉంది, లోపం వేరే చోట. పెడల్ తాకగానే వచ్చే ఆగుడు లేదా కుదుపు గొట్టం పీకగానే పోతే ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, డయాఫ్రం చిరిగి ఆ గొట్టం గుండా గాలి చొరబడుతోంది. రెండు, ప్లేటు కదిలినప్పుడు డిస్ట్రిబ్యూటర్ లోపలి వైరు విడిపోతోంది, లేదా ప్లేటే అరిగి ఊగుతోంది.

చిరిగిన డయాఫ్రం ఐడ్లింగ్‌లో దొరకదు, ఎందుకంటే అప్పుడు ఆ రంధ్రంలో వాక్యూమే లేదు. పెడల్ కదిలిన మరుక్షణం లీకు మొదలవుతుంది, మిశ్రమం పలచనవుతుంది, బండి ఆగుతుంది. ఐడ్లింగ్ చూసి 'లీకు లేదు' అని తేల్చేయడం అందుకే తప్పు.

కొత్త క్యాప్సూల్ దొరికేదాకా గొట్టం మూసే నడపవచ్చు. మైలేజీ తగ్గుతుంది, ఎండాకాలంలో టెంపరేచర్ ముల్లు కాస్త పైన ఉంటుంది, అంతే. గొట్టం తెరిచి వదిలేయడం మాత్రం వద్దు.

గొట్టం, క్యాప్సూల్

గొట్టం రెండు చివర్లా ఉండే రబ్బరు ముక్కలు ఎండకు, ఇంజిన్ వేడికి బీటలు వారతాయి. వంచి చూస్తేనే బీట కనిపిస్తుంది. ముక్క మారిస్తే గట్టి వాక్యూమ్ హోసే వాడండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం వేడికి మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది. గొట్టం కార్బొరేటర్ నుంచి కాస్త పైకి వంపు తిరిగి క్యాప్సూల్‌కు దిగాలి. లేకపోతే పెట్రోలు జారి క్యాప్సూల్‌లో చేరి డయాఫ్రంను తినేస్తుంది. ఊడదీసిన గొట్టంలో పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

క్యాప్సూల్ పరీక్షకు చేతి వాక్యూమ్ పంపు ఉంటే మంచిది. డిస్ట్రిబ్యూటర్ మూత, రోటర్ (మూత కింద తిరిగే ముక్క) తీసి, 15 అంగుళాల పాదరసం వరకు లాగి ఒక నిమిషం ఆపండి. ముల్లు కదలకూడదు, పాయింట్ల ప్లేటు జారినట్టు నున్నగా తిరగాలి, వాక్యూమ్ వదలగానే టక్కున వెనక్కి రావాలి. పంపు లేకపోతే మందుల షాపులో దొరికే 60 ఎంఎల్ సిరంజిని గొట్టానికి గట్టిగా తగిలించి పిస్టన్ వెనక్కి లాగండి. అలాగే పట్టుకుంటే ప్లేటు ఆగినచోటే ఆగాలి. నోటితో పీల్చి నాలుకతో మూసే పాత పద్ధతీ పనిచేస్తుంది, కానీ గొట్టంలో పెట్రోలు ఉంటుంది కాబట్టి శుభ్రమైన వేరే గొట్టం ముక్క పెట్టుకునే చేయండి.

పాత లూకాస్ రకం క్యాప్సూల్ మీద మూడు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు 5–13–10 అని ఉంటే, 5 అంగుళాల వాక్యూమ్ దగ్గర కదలడం మొదలుపెడుతుంది, 13 అంగుళాల దగ్గర పూర్తవుతుంది, మొత్తం 10 డిగ్రీలు లాగుతుంది. ఆ 10 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి క్రాంక్ మీద అది 20. కొత్తది కొనేటప్పుడు పాతదాని అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. చూడటానికి ఒకేలా ఉన్నా, తప్పు అంకెలున్నది పెడితే నడకలో పింకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) కొడుతుంది లేదా సగమే పనిచేస్తుంది. కొన్న చోటే సిరంజి తగిలించి చూసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు, ఏళ్ల తరబడి అరలో ఉన్న డయాఫ్రంలు కొత్తగానే చిరిగి ఉంటాయి.

టైమింగ్‌ను కొద్దికొద్దిగా సరిచేయడానికి చేత్తో తిప్పే పళ్ల గింజ ఉన్న డిస్ట్రిబ్యూటర్‌లో క్యాప్సూల్ తీయాలంటే, ముందు ఆ గింజ ఎక్కడుందో స్కేలు మీద గీత చూసి రాసుకోండి. ప్లేటు పిన్ను నుంచి క్యాప్సూల్ చేతిని విడదీసి, అడ్జస్టింగ్ స్క్రూ చివరనున్న చిన్న సర్‌క్లిప్ తీసి, గింజను పూర్తిగా విప్పితే క్యాప్సూల్ బయటికొస్తుంది. గింజ వెనకాల ఒక స్ప్రింగు, ఒక సన్నని రేకు ఉంటాయి. అవి ఎగిరి గ్రావెల్లో పడితే దొరకవు, కింద ఒక తువ్వాలు పరచండి.

మూత తీశాక చూడాల్సినవి

ప్లేటు మీదున్న పాయింట్లకు బయట నుంచి ఒక సన్నని వైరు వస్తుంది. ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి ఇంకో అల్లిక ఎర్త్ వైరు ఉంటుంది. వాక్యూమ్ మారిన ప్రతిసారీ ప్లేటుతోపాటు ఈ రెండూ వంగుతాయి. ఏళ్ల తర్వాత పైన ఇన్సులేషన్ బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు మాత్రం తెగి ఉంటాయి. ఐడ్లింగ్‌లో తగులుతాయి, పెడల్ నొక్కితే ప్లేటు తిరిగి విడిపోతాయి, బండి కుదుపుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు ఆగినప్పుడు వచ్చే కుదుపుకూ దీనికీ తేడా పట్టడం కష్టం. వైరు చివరలను మెల్లగా లాగి చూడండి. రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. మల్టీమీటర్ తగిలించి, సిరంజితో ప్లేటును కదిలిస్తూ చూస్తే అనుమానం మిగలదు. మార్చేటప్పుడు మామూలు లైటు వైరు వేయకండి. అది మందం, ప్లేటును కదలనివ్వదు, త్వరగా తెగుతుంది. సన్న పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరు, వదులుగా వంపు తిరిగేంత పొడవు పెట్టాలి. నిజానికి ఈ చిన్న వైరును ప్రతి సర్వీసులోనూ చూడాలి, కానీ ఎవరూ చూడరు.

ప్లేటును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఊగుతుంటే వాక్యూమ్ మారిన కొద్దీ పాయింట్ల గ్యాప్ మారిపోతుంది. డ్వెల్ మీటర్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం చూపే మీటరు) ఉంటే గొట్టం పెట్టి, తీసి రీడింగులు పోల్చండి. 3 డిగ్రీలకు మించి తేడా వస్తే ప్లేటు మార్చాల్సిందే.

తర్వాత రోటర్‌ను మళ్లీ పెట్టి, అది తిరిగే దిశలో (ఈ ఇంజిన్‌లో పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశ) వేళ్లతో తిప్పి వదలండి. కొద్దిగా తిరిగి, స్ప్రింగు లాగినట్టు తనంత తాను వెనక్కి రావాలి. బరువుగా తిరిగితే, సగంలో నిలిచిపోతే కింద గ్రీజు ఎండి బంకలా పట్టేసింది. ప్లేటు విప్పి బరువులను కిరసనాయిలుతో కడిగి, పివట్ల దగ్గర ఒక్కో చుక్క పలచటి నూనె వేయండి. రోటర్ కింద షాఫ్టు మధ్యలో ఉండే స్క్రూ మీద, లేదా ఫెల్ట్ ఉంటే దానిమీద, 2–3 చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయడం ప్రతి 5000 కిలోమీటర్లకూ చేయాల్సిన పని. పాయింట్ల మీద నూనె పడకూడదు. రెండు స్ప్రింగుల మందం వేరు వేరుగా ఉంటే కంగారు పడకండి, చాలా డిస్ట్రిబ్యూటర్లలో అలాగే తయారుచేస్తారు. సన్నది మొదట సాగుతుంది, వేగం పెరిగాక మందంది పనిలోకి వస్తుంది. రెండూ ఒకేలా ఉండాలని సైకిల్ షాపు స్ప్రింగు తెచ్చి పెడితే అడ్వాన్స్ మొత్తం తప్పుతుంది.

ముందు గ్యాప్, ఆ తర్వాతే టైమింగ్

పాయింట్ల ఫైబర్ మడమ కేమ్ మీద రాసుకుని అరుగుతుంది. అరిగితే గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనకబడుతుంది. నెలల తరబడి మెల్లమెల్లగా జరిగేది కాబట్టి బండి ముసలిదైపోయిందని అనుకుంటారు. చాలాసార్లు అరిగింది ఆ ఫైబర్ ముక్కే.

లూకాస్ రకం పాయింట్లకు గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మడమ కేమ్ మూల మీద ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో చూడాలి. డ్వెల్ అయితే 60 డిగ్రీలు, 3 అటూఇటూ. ఒక పాయింటు మీద గుంట, ఎదుటిదాని మీద దిబ్బ ఉంటే కొలత తప్పుగా చూపిస్తుంది, ఆ దిబ్బ ఎక్కువగా పెరుగుతుంటే కండెన్సర్ కూడా మార్చండి. ప్లగ్గు గ్యాప్ 0.6 మి.మీ. చాలు. వాల్వ్ క్లియరెన్స్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.38 మి.మీ. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల నల్లటి పగుళ్ల గీతలుంటే మార్చడమే. వానాకాలంలో లోడు పడగానే స్పార్కు ఆ గీతల వెంట పారిపోతుంది.

గ్యాప్ ఏ కాస్త మార్చినా టైమింగ్ మారుతుంది. గ్యాప్ పెరిగితే ముందుకు, తగ్గితే వెనక్కి. అందుకే టైమింగ్ పెట్టాక పాయింట్లు ముట్టుకోకూడదు.

టైమింగ్‌కు క్రాంక్ పుల్లీ అంచున గంటు, టైమింగ్ కవరు మీద మూడు ముళ్లు ఉంటాయి. పొడవాటి ముల్లు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన చోటు), మిగతా రెండూ దానికి 5, 10 డిగ్రీల ముందు. మీ మోడల్ డిగ్రీ ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. ప్లగ్గులన్నీ తీసి, టాప్ గేరు వేసి బండిని ముందుకు తోస్తూ గంటును ఆ చోటికి తెండి. దాటిపోతే కొద్దిగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందు దిశలోనే రావాలి, లేకపోతే చైను వదులు లెక్కను చెడగొడుతుంది. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య 12 వోల్టుల చిన్న బల్బు తగిలించి ఇగ్నిషన్ వేయండి. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో బల్బు వెలుగుతుంది. అదే స్పార్కు పడే చోటు. బాడీని రోటర్ తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే రిటార్డ్. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

టైమింగ్ లైటుతో లెక్క తేల్చడం

బల్బుతో బేస్ టైమింగే తెలుస్తుంది. అడ్వాన్స్ నిజంగా వస్తోందో లేదో ఇంజిన్ నడుస్తుండగా చూడాలంటే టైమింగ్ లైటు కావాలి. డయల్ లేని చౌక లైటయినా చాలు. పుల్లీ చుట్టూ కాగితం పట్టీ చుట్టి చుట్టుకొలత తీయండి, దాన్ని 36తో భాగించండి. 432 మి.మీ. వస్తే 12 మి.మీ.కు 10 డిగ్రీలు. ఇంజిన్ తిరిగేటప్పుడు గంటు కంటే ముందుగా ముల్లు దగ్గరికి వచ్చే వైపున 10, 20, 30, 40 డిగ్రీల దగ్గర తెల్ల పెయింటుతో సన్నని గీతలు పెట్టండి.

లైటు పట్టే ముందు ఒక్క హెచ్చరిక. ఈ లైటు వెలుగులో ఫ్యాను ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. అంబాసిడర్ ఫ్యాను ఇంజిన్‌తోనే తిరిగే ఇనుప రెక్క. వదులు చొక్కా చేతులు, కండువా, చున్నీ దగ్గరికి రానీయకండి. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, చక్రాల కింద రాళ్లు.

1. వాక్యూమ్ గొట్టం పీకి, మూసి, ఐడ్లింగ్‌లో బేస్ చూడండి. ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటే బరువులు అప్పుడే తెరుచుకుంటాయి, రీడింగ్ తప్పు వస్తుంది.
2. గొట్టం అలాగే మూసి ఉంచి, మెల్లగా 3000 దాకా రేజ్ చేయండి. గీతలు జర్కులు లేకుండా వరసగా కదలాలి. బేస్‌తో కలిపి 25–30 డిగ్రీల ప్రాంతంలో నిలవడం ఇలాంటి ఇంజిన్లలో మామూలు. కదలకపోతే బరువులు పట్టేశాయి. ఐడ్లింగ్‌కు వచ్చినా వెనక్కి రాకపోతే స్ప్రింగు తెగింది.
3. 2000 దగ్గర నిలకడగా పట్టి, గొట్టం తగిలించండి. గీత ఒక్కసారిగా ఇంకా ముందుకు దూకాలి. క్యాప్సూల్ మీది మూడో అంకెకు రెట్టింపు వరకు రావచ్చు.

క్యాప్సూల్ బాగుండీ మూడో దశలో కదలకపోతే, రంధ్రమే మూసుకుపోయింది. కార్బొరేటర్ బేస్ దగ్గర సీలెంట్ దట్టంగా పూయడం, గాస్కెట్ తిరగేసి పెట్టడం, లోపల మసి పేరడం దీనికి మామూలు కారణాలు. సన్నని రాగి పోగుతో, కార్బొరేటర్ క్లీనర్‌తో తెరవండి. ఐడ్లింగ్‌లోనే గొట్టంలో వాక్యూమ్ గట్టిగా ఉంటే రెండు అవకాశాలు. గొట్టం మానిఫోల్డ్‌కు తగిలించారు, లేదా ఐడ్లింగ్ స్క్రూ బాగా బిగించి బటర్‌ఫ్లైని రంధ్రం దాటించారు. ఈ రెండిట్లోనూ ఐడ్లింగ్‌లో ఉన్న అడ్వాన్స్ పెడల్ తొక్కగానే జారిపోయి బండి ఆగుతుంది. గొట్టాలు ఎక్కువగా ఉండే కార్బొరేటర్ మారుతి 800లలో ఈ తారుమారు ఇంకా మామూలు. అక్కడ మూడు సిలిండర్లు, ఆర్డర్ 1-3-2, కానీ పరీక్ష తీరు ఇదే.

వాక్యూమ్ గేజ్ ఉంటే మానిఫోల్డ్‌కు తగిలించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో విశాఖపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో 17–21 అంగుళాలు చూపిస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 15–19 వస్తే అది లోపం కాదు.

ఇప్పుడు కార్బొరేటర్

ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ లింకేజీని చేత్తో చప్పున తిప్పండి. కదిలిన అదే క్షణంలో సన్నని పెట్రోలు ధార బలంగా పడాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా రాలినా యాక్సిలరేటర్ పంపు డయాఫ్రం గట్టిపడింది లేదా చెక్ వాల్వులో చెత్త చేరింది. కిట్‌లో కొత్త డయాఫ్రం వస్తుంది. పంపు లింకు కడ్డీ అరిగి వదులైనా ఇదే లక్షణం, దాన్ని మరిచిపోకండి.

గాలి లీకు కోసం కార్బొరేటర్ బేస్, మానిఫోల్డ్ గాస్కెట్, బటర్‌ఫ్లై కడ్డీ చివరల మీద ఐడ్లింగ్‌లో సన్నగా నీళ్లు స్ప్రే చేయండి. ఇంజిన్ శబ్దం మారిన చోటే లీకు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే ఇంకా స్పష్టంగా చూపిస్తుంది, కానీ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది. బేస్ నట్లు బిగించి లీకు ఆపబోతే అంచు వంగిపోతుంది, గాస్కెట్ మార్చడమే దారి.

పూర్తిగా తొక్కినప్పుడే లోపమైతే పెట్రోల్ పంపు నుంచి వచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మూతకు వెళ్లే లావాటి హెచ్‌టీ వైరు తీసి ఎర్త్ చేసి, ఇంజిన్ తిప్పించండి. ప్రతి దెబ్బకూ పెట్రోలు ఒత్తుగా దూకాలి. నీరసంగా కారితే ఫిల్టరు, ట్యాంకులోని జాలీ, పంపు డయాఫ్రం చూడండి. జెట్లను గాలితో ఊదాలే తప్ప ఇనుప తీగ దూర్చకూడదు. రంధ్రం ఒక్క గీత పెద్దదైనా కొలత పోతుంది.

ఇప్పటి పెట్రోలు గురించి కూడా చెప్పుకోవాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 ఇప్పుడు దేశమంతటా బంకుల్లో అమ్ముతున్నారు. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక కిలోకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇ20కి సుమారు 13.5 చాలు. జెట్లు మారవు కాబట్టి పాత కార్బొరేటర్‌లో మిశ్రమం ఆ మేరకు పలచనవుతుంది, పెడల్ తాకినప్పుడు ఆగుడు పెరుగుతుంది. అన్ని పరీక్షలూ బాగుండి, ప్లగ్గు పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంటే, మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచి చూడటం సబబు. మొదటే జెట్ పెంచితే మాత్రం అసలు లోపం దాగిపోతుంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు లోపల పొరలుగా ఊడి జెట్లలో చేరతాయి. ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న పైపు వేయండి. నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ తేమను పీల్చుకుని నీళ్లు అడుగున విడిపోతాయి, అలాంటి ట్యాంకును ఖాళీ చేశాకే ట్యూనింగ్ మొదలుపెట్టాలి.

రోడ్డు మీద తుది పరీక్ష

ఒక్కో మార్పు చేసి నడపండి, నాలుగూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. వేడెక్కిన ఇంజిన్‌తో, సమతలంలో, టాప్ గేరులో 50 దగ్గర నుంచి పూర్తిగా తొక్కండి. ఒకటి రెండు క్షణాలు సన్నగా టకటకలాడి పోతే టైమింగ్ హద్దులో ఉంది. ఆగకుండా కొడుతుంటే 2 డిగ్రీలు వెనక్కి తీయండి. వాక్యూమ్ అడ్వాన్స్ చచ్చిన బండిలో మందకొడితనాన్ని కప్పిపుచ్చడానికి ఎవరో బేస్‌ను ముందుకు తిప్పి ఉంటారు. కొత్త క్యాప్సూల్ పెట్టగానే పింకింగ్ మొదలైతే క్యాప్సూల్‌ను తప్పుపట్టకుండా ముందు బేస్‌ను అసలు చోటికి తెండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎదురు తన్నడం కూడా బేస్ ముందుకు జరిపారనడానికి గుర్తే. ఇథనాల్ కలిసిన పెట్రోలు పింకింగ్‌ను అణచిపెడుతుంది కనుక చెవి ఒక్కదాన్నే నమ్మకండి, చప్పుడు రాలేదని టైమింగ్ పెంచుకుంటూ పోకుండా లైటుతో సరిచూడండి.

చివరగా శ్రీశైలం ఘాట్ లాంటి ఎత్తు మీద, మూడో గేరులో, సగం పెడల్‌తో రెండు కిలోమీటర్లు ఎక్కించండి. ఈ నడకలో వాక్యూమ్ ఎక్కువ తక్కువలవుతూ ఉంటుంది, ప్లేటు నిమిషానికి పదిసార్లు కదులుతుంది, తెగబోయే వైరు ఉంటే ఇక్కడే బయటపడుతుంది. కుదుపు లేకుండా ఎక్కితే డిస్ట్రిబ్యూటర్ అడుగునున్న క్లాంప్ బోల్టు మరొక్కసారి బిగించి, పళ్ల గింజ స్కేలు మీద ఎక్కడుందో బానెట్ లోపలి వైపు పెయింటుతో రాసిపెట్టండి.